ఎక్కిళ్ల పెట్టె

మంగతాయారు నలభై ఏళ్ల కచేరీల్లో ఒక్క తప్పు కూడా పాడలేదు. ఈ మాట సామర్లకోటలో ఎవరినడిగినా చెబుతారు. కొందరు అడక్కపోయినా చెబుతారు. ఆవిడ తండ్రి సన్నాయి గంగరాజు. ఆయన పేరు మీదే స్టేషన్ రోడ్డులో, ఎరువుల కొట్టు పైన మేడ మీద ఆవిడ సంగీత పాఠశాల నడుపుతోంది. కింద నుంచి ఎరువుల ఘాటు, పైన శ్రుతిపెట్టె మోత. ఆ రెండు గదుల్లో ముప్ఫై ఏళ్లుగా పిల్లలు పాడుతూనే ఉన్నారు, జిల్లా పోటీల్లో కప్పులు తెస్తూనే ఉన్నారు.

అందులోనూ కల్పనస్వరాల పోటీలో కప్పు వాళ్లదే. పాట పల్లవి దగ్గర ఆగి, ఆ రాగంలో అప్పటికప్పుడు తోచిన స్వరాలు అల్లుకుంటూ పోయి, తాళం తప్పకుండా మళ్లీ పల్లవిలోకి వచ్చి పడాలి. అదీ కల్పనస్వరం. అప్పటికప్పుడు తోచే ఆ మనోధర్మమే అందులో ఉన్న గొప్ప. బడులూ ట్యూషన్ల మధ్య మన పిల్లలకు తోచేంత తీరిక ఎక్కడిది? అందుకని ఆ తోచేదేదో రెండు నెలల ముందే నోటుపుస్తకంలో రాయించి టీచర్లు బట్టీ పట్టిస్తారు. పిల్లలు వేదిక మీద కళ్లు మూసుకుని, ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, పన్నెండో పేజీ అప్పజెబుతారు. జడ్జీలు తలలూపుతారు. వాళ్లూ అలా పైకొచ్చినవాళ్లే కదా.

కిందటేడు మాత్రం పరువు పోయింది. రాగం పేరు వేదిక మీదే చీటీ తీసి చెబుతామన్నారు నిర్వాహకులు. మోహన వచ్చింది. మంగతాయారు పిల్లలు ముగ్గురు వరసగా ఎక్కి, ముగ్గురూ అవే స్వరాలు, అదే ముక్తాయింపు, చివర్లో తల విసరడంతో సహా ఒకేలా పాడారు. నాలుగో పిల్ల మొదలుపెట్టేసరికి వెనక వరసలవాళ్లు కూడా గొంతు కలిపారు. హాలంతా ఒకటే నవ్వు. పిల్ల పాపం అది మెచ్చుకోలనుకుని ఇంకా గట్టిగా పాడింది.

ఆ నవ్వు మంగతాయారును ఏడాదిగా పొడుస్తూనే ఉంది. అందుకే కోడలు ప్రసూన తెచ్చిన పెట్టెను ఆవిడ వెంటనే తోసిపుచ్చలేదు. ప్రసూన కాకినాడలో ఒక ఆసుపత్రిలో మాట సరిగా రాని పిల్లలకు చికిత్స చేస్తుంది. ఒక ఆదివారం పొద్దున్న, వంకాయలు తరుగుతున్న అత్తగారి ఎదురుగా కూర్చుని, సబ్బుబిళ్లంత నల్లపెట్టెనూ, దాని తీగకు వేలాడే చెవిదిమ్మలనూ నేల మీద పెట్టింది.

"అత్తయ్యగారూ, నత్తి ఉన్నవాళ్లకి వాళ్ల గొంతే రవ్వంత ఆలస్యంగా చెవుల్లో వినిపిస్తే సాఫీగా మాట్లాడతారండి. మా దగ్గర చేసేది అదే."

"లేనివాళ్లకి వినిపిస్తే?"

"ఉన్న మాట తడబడుతుందండి. నోరు ముందుకెళ్తుంటే చెవి వెనక్కి లాగుతుంది."

"శుభం. నా పిల్లలకి లేని నత్తి తెప్పిస్తానంటావు."

"బట్టీ పట్టింది పాడినప్పుడు మాత్రమే," అంది ప్రసూన.

మంగతాయారు కత్తిపీట ఆపింది.

"మీ పిల్లల నోటుపుస్తకాలన్నీ ముందు దీనికి చదివించాలండి. పాడేది అందులో ఏ పేజీతో కలిసినా, నాలుగు స్వరాల్లో పసిగట్టి గొంతుని ఆలస్యం చేస్తుంది. పేజీ వదిలి కొత్త దారి పట్టగానే మళ్లీ మామూలు. ఇది పొగడదు, మార్కులెయ్యదు, ఏం పాడాలో చెప్పదు. తెలిసిన దారికి అడ్డం పడుతుంది, అంతే."

"నలభై మూడు నోట్లున్నాయి. అన్నీ పట్టుకెళ్లు," అంది మంగతాయారు. ఆ తొందరలో, ఆ నలభై మూడు నోట్లూ ఎక్కడి నుంచి వచ్చాయన్నది ఆవిడకు తట్టలేదు.

పది రోజుల తర్వాత పెట్టె పాఠశాలకు వచ్చింది. ముందుగా కుందన పెట్టుకుంది. పదేళ్ల పిల్ల, ఆటో నడిపే నూకరాజు కూతురు. తరగతిలో అందరికన్నా పెద్ద గొంతు, అందరికన్నా తక్కువ భయం. మోహన అందుకుని, పల్లవి పాడి, స్వరాల్లోకి దిగింది.

"గపగరి సరిగప ద... ద... దద... ప..."

కళ్లు పెద్దవి చేసి ఆగిపోయింది. పెట్టె మీది చిన్న అద్దంలో అక్షరాలు వెలిగాయి. కుందన నోటు, 12వ పేజీ.

"టీచర్! దీనికి ఎక్కిళ్లొచ్చేయండి!" అన్నారు వెనక కూర్చున్నవాళ్లు. అంతే, ప్రసూన నెల రోజులు ఆలోచించి పెట్టిన పేరు ఆ క్షణాన గంగలో కలిసింది. అది ఎక్కిళ్ల పెట్టె అయి కూర్చుంది.

కుందన ఏడుసార్లు ప్రయత్నించింది, ఏడుసార్లూ పన్నెండో పేజీ దగ్గరే పడింది. ఆరోసారికి ఏడుపు మొహం పెట్టింది. ఎనిమిదోసారి ఏమనుకుందో, గాంధారం నుంచి పైకెళ్లాల్సింది కిందికి జారి, మంద్రంలో ధైవతం దగ్గర కాసేపు తచ్చాడి, అక్కణ్ణుంచి ఒక్క గెంతులో పైకొచ్చి పల్లవిలో పడింది. తాళం ఒక దెబ్బ తప్పింది. అద్దంలో అక్షరాల్లేవు. మంగతాయారు చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ముప్ఫై ఏళ్లలో ఆ గదిలో తను రాయించని స్వరం వినడం అదే మొదటిసారి.

"అదెలా తోచిందే నీకు?"

"ఈ సందులో ఎక్కిళ్లొస్తాయని తెలిసిపోయిందండి. పక్క సందులోకెళ్లేను."

"అక్కడేముందని వెళ్లావు?"

"ఎల్లేక కదండీ తెలిసేది!"

పిల్లలందరూ నాకంటే నాకని ఎగబడ్డారు. ఇద్దరు ముగ్గురు భయపడి వెనక్కి తగ్గారు. వాళ్లకు ధైర్యం చెప్పాలని మంగతాయారు చెవిదిమ్మలు తనే తగిలించుకుంది. "మనోధర్మం ఉన్నవాళ్లకి ఎక్కిళ్లు రావర్రా. చూడండి," అని మోహన ఎత్తుకుంది. వేల మంది ముందు పాడిన మోహన.

మూడో దెబ్బ దగ్గర నాలుక మడత పడింది.

తన గొంతు తన వెనక నడుస్తూ వచ్చి చెవిలో పడుతోంది. నోరు ఆగింది, చెయ్యి మాత్రం తాళం వేస్తూనే ఉంది. అద్దం వెలిగింది. కుందన నోటు, 12వ పేజీ.

"టీచర్ నా నోట్లోదే పాడుతున్నారు!" అని కుందన ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టింది.

మంగతాయారు కల్యాణి అందుకుంది. వైష్ణవి నోటు, 31వ పేజీ. శంకరాభరణం అందుకుంది. అద్దంలో నాలుగు పేర్లు ఒకేసారి వెలిగాయి. చెవిదిమ్మలు తీసి చేతిలో పట్టుకుని, "ఇవాళ్టికి చాలు, వెళ్లండి," అంది. పిల్లలకు అర్థం కాలేదు కాని ఆవిడకు అర్థమైంది. తవ్వించిన గోతిలో తనే పడింది. పిల్లల నోట్లలో రాయించింది తనే. తను రాయించింది తండ్రి రాసిచ్చిన పదకొండు నోటుపుస్తకాల్లోంచి.

ఆ పదకొండు పుస్తకాలకూ ఒక కథ ఉంది. మంగతాయారు పదిహేడో ఏట మొదటి కచేరీకి కూర్చుంది. పెళ్లిళ్లలో సన్నాయి వాయించే ఇంటి పిల్ల సభలో పాడుతుందంటే, తప్పు పట్టుకోవడానికే ముందు వరసలో కూర్చునే మహానుభావులు ఆ రోజుల్లో ఉండేవారు. గంగరాజుకు వాళ్లందరూ తెలుసు. "మనం తప్పితే తప్పంటారు, వాళ్లు తప్పితే మనోధర్మమంటారు. నీకు ఆ వీలు లేదమ్మా," అని ప్రతి కచేరీకి ముందు ప్రతి స్వరమూ రాసిచ్చేవాడు. ముందు వరస వాళ్లకు నలభై ఏళ్లుగా ఏమీ దొరకలేదు. పత్రికలు ఆవిడ మనోధర్మాన్ని తెగ పొగిడాయి. పొగడగా పొగడగా ఆవిడే నమ్మేసింది.

ఆ సాయంత్రం ఆవిడకు అన్నం సహించలేదు. సిగ్గు ఒకవైపు, సిగ్గుకన్నా పెద్ద భయం ఇంకోవైపు. ఈ పుస్తకాలు తీసేస్తే లోపల ఏమన్నా ఉందా? యాభై ఏడేళ్లు వచ్చాక ఆ ప్రశ్న వేసుకోవడం కన్నా పెట్టెను కోడలికి తిరిగిచ్చెయ్యడం తేలిక. కాని మంగతాయారు పట్టిందంటే ఉడుంపట్టు. మర్నాడు పాలు పొంగించి స్టవ్వు ఆపగానే, చాప పరుచుకుని, పెట్టె తగిలించుకుని కూర్చుంది.

రోజూ రెండు గంటలు. మొదటి వారమంతా పేజీల అంకెలే. నోరు తెరిస్తే పన్నెండు, ముప్ఫైఒకటి, ఏడు. నాన్న చెయ్యి పడని మూల ఆ రాగంలో ఎక్కడా లేదనిపించింది. రెండో వారం, అడ్డదారులు వెతకడం మాని, నోరు తెరవకుండా తాళం మాత్రం వేస్తూ కూర్చుంది. ఏదన్నా తోస్తే పాడదామని. ఏమీ తోచలేదు. రెండు గంటలు తొడ మీద దెబ్బలు వేసుకుని లేచింది. వంటింట్లో కొడుకు గిరి, "అమ్మ తపస్సు అయ్యిందా?" అని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

గురువారం సత్తియ్య వచ్చాడు. గంగరాజు సన్నాయికి డోలు వాయించినవాడు, తర్వాత మంగతాయారు పాటకు మృదంగం పట్టినవాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. ఆవిడకు ఆయన బాబాయి. సంగతంతా విని, చుట్ట చివర కొరికి, "అయితే?" అన్నాడు.

"అయితే ఏంటి బాబాయ్? నలభై ఏళ్లు నేను నాన్న నోటు అప్పజెప్పేనన్నమాట."

"నాకు తెలీదేటి? నీకన్నా ముందు ఆ నోట్లు సదివింది నేనే. ఎక్కడ ముగిత్తావో ముందే తెలుసు గాబట్టే నా మృదంగం అంత బాగా కలిసేది."

"నాన్న కూడా అలాగే రాసుకునేవాడా?"

సత్తియ్య పగలబడి నవ్వాడు. "మీ నానా! కాయితం ముందెట్టుకుని సన్నాయి వాయించేడా ఆయన? ఓపాలి మండపేటలో పెళ్లి ఊరేగింపు. తాళం నా చేతికొదిలేసి ఎటో ఎల్లిపోయేడు. నాకు సెమటలు పట్టేసినియ్యి. ఆకరికి ఎలాగో వచ్చి పడ్డాడనుకో. ఎక్కడికెల్లేవురా అంటే, ‘నాకూ తెలీదురా సత్తియ్యా’ అన్నాడు." చుట్ట పక్కన పెట్టాడు. "ఆయనకి కావాల్సిందల్లా అదే తల్లీ. నీకు మాత్రం రాసిచ్చేడు. బయ్యం."

ఆ మాట విన్నాక మంగతాయారు పట్టు ఇంకా బిగిసింది. నాన్న తనకు స్వరాలిచ్చాడు గాని, ఆయనకెంతో ఇష్టమైన ఆ తప్పిపోవడాన్ని మాత్రం ఇవ్వలేదు. కావాలంటే అది తనే వెతికి తెచ్చుకోవాలి.

మూడో వారంలో పాఠశాల మెట్ల మీద నూకరాజు ఎదురయ్యాడు, కూతుర్ని రెక్క పట్టుకుని.

"ఆయ్, టీచరుగారూ, మీ మీద గౌరవం ఉందండి. కానండి మా పిల్ల ఎక్కాలు తడబడిపోతందండి! ఏడేళ్లు నలభై తొమ్మిది అనడానికి ఏడుసార్లు ఆగిందండి. బళ్లో మేష్టారు నత్తేంటమ్మా అన్నారంట."

ప్రసూన ఆ పూటే పిల్లలందరినీ పరీక్షించింది. చెవిలో దిమ్మలు లేకుండానే ప్రార్థనగీతం, ఎక్కాలు, పద్యాలు చెప్పించుకుని, గొంతులు రికార్డు చేసుకుంది. బట్టీ పట్టింది ఎక్కడొస్తే అక్కడ పిల్లల గొంతు రవ్వంత వెనక్కి తగ్గుతోంది. పెట్టె చేసే పని వాళ్ల చెవే చెయ్యడం నేర్చేసుకుంది. ప్రసూన రెండు రోజులు పెట్టె ముట్టుకోనివ్వలేదు. మూడో రోజుకి ఎక్కాలు గడగడా వచ్చేశాయి. అయినా ప్రసూన తృప్తి పడలేదు. పిల్లలకు రోజు విడిచి రోజు, పది నిమిషాలు, అంతకుమించి ఒక్క నిమిషం కూడా వద్దని గోడ మీద రాసి అతికించింది. నూకరాజుకు నూకరాజు భాషలో చెప్పి, క్షమాపణ అడిగింది. "పాట బాగుందండి మరి," అన్నాడతను, "ఎక్కాలు కూడా ఉండాలి కదండీ."

అప్పుడు ప్రసూనకు అత్తగారి రెండు గంటలు గుర్తొచ్చాయి.

"అత్తయ్యగారూ, మీ మోహన స్వరాలు ఒక్కసారి పాడండి. దిమ్మలు లేకుండా."

మంగతాయారు పాడింది. మూడో దెబ్బ దగ్గర గొంతు మడత పడింది. పెట్టె బీరువాలో ఉంది.

రెండు రోజులు ఆగారు. నాలుగు రోజులు ఆగారు. మోహన సగం తిరిగొచ్చింది, కల్యాణి రాలేదు. ప్రసూన రికార్డులు ముందేసుకుని, లెక్కలన్నీ చూసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది. "పిల్లలకి బట్టీ పట్టింది పైపైన ఉంది, వెంటనే సర్దుకుంది. మీకు నలభై ఏళ్లది. ఇప్పుడే ఆపేస్తే చాలావరకు తిరిగొస్తుందనుకుంటున్నానండి. ఇంకో రెండు మూడు వారాలు పెట్టుకుంటే మాత్రం... మావయ్యగారు పోయినప్పుడు కూడా మీరు ఆ స్వరాలే పాడుకున్నారు. అవి పోతాయండి. మళ్లీ రావు."

గిరి అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. విన్నాడు. "చాలింక! నెల తిరిగితే తాతయ్య వర్ధంతి కచేరీ. జనం వచ్చేది ఆ స్వరాల కోసం. అమ్మ గొంతు పోగొట్టి దాన్ని పరిశోధనంటావా నువ్వు? ఆ పెట్టె తీసుకెళ్లి గోదాట్లో పడెయ్!"

ప్రసూన కళ్లనిండా నీళ్లు. "తెచ్చింది నేనే. పడేస్తాను," అంది.

"ఎవరి గొంతురా అది?" అంది మంగతాయారు.

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు.

"నా గొంతు పోతుందంటున్నావు. పోయేది నాన్న గొంతు. నాది ఇంకా రానే లేదు. వస్తుందో రాదో తెలీకుండా మాత్రం నేను పోదల్చుకోలేదు. రేపు ఆ మేడ మీద నలభై మంది పిల్లలకి పక్క సందులోకి వెళ్లండర్రా అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నేనెప్పుడన్నా వెళ్లానా?" "అమ్మాయ్, బీరువా తాళం ఇలా ఇయ్యి."

గిరి విసురుగా లేచి వెళ్లిపోయాడు. రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న పాలు తనే పొంగించి, చాప తనే పరిచాడు.

ఇరవై ఆరో రోజున వచ్చింది. అదేమీ మెరుపూ కాదు, ఉరుమూ కాదు. రిషభం మీద ఊపిరి చాలక ఆగింది. ఆగినచోటే మళ్లీ రిషభం పాడింది, మళ్లీ పాడింది, విసుగొచ్చి దాన్ని పంచమం మీదికి విసిరేసింది. "రిరి రిప గరి." అంతే. అద్దంలో అక్షరాలు లేవు. చెవిలో గొంతు ఎక్కడా వెనకబడలేదు, నోటి పక్కనే ఉంది. మళ్లీ పాడి చూసింది. నిజం చెప్పాలంటే బాగా లేదు. ఏడాది పాఠాలు నేర్చిన పిల్ల అంతకన్నా బాగా పాడుతుంది. మంగతాయారు చాప మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపులోనే నవ్వొచ్చింది. గిరి పరిగెత్తుకొచ్చి, "ఏమైంది? డాక్టరు దగ్గరికెళ్దామా?" అన్నాడు.

"ఆరు స్వరాలురా. ఆరు!" అంది.

ఆరు పన్నెండయ్యాయి, పన్నెండు ఒక చుట్టయ్యాయి. ఒక్కో రోజు ఉన్నవి కూడా పోయేవి. పాఠశాలలో పిల్లల నోట్లు కట్టగట్టి అటక మీద పెట్టించింది. ఇద్దరు తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించి వేరే టీచరు దగ్గర చేర్పించారు. పోటీలో కప్పు రాదని వాళ్లకు ఆవిడే ముందు చెప్పింది. కుందన పది నిమిషాలూ అయ్యాక తీరిగ్గా గోడకానుకుని కూర్చుని, పెట్టె లేకుండానే పక్క సందులన్నీ తిరిగొస్తోంది. ఆ పిల్ల తప్పినప్పుడు మంగతాయారు చెయ్యి ఎత్తి దిద్దబోయి, ఆగి, చేతిని ఒళ్లో పెట్టుకుంటోంది. అది నేర్చుకోవడం ఆవిడకు స్వరాలకన్నా కష్టమైంది.

వర్ధంతి రోజు పొద్దున్న తండ్రి ఫొటోకు దండ వేసి, మూడో నోటుపుస్తకం తెరిచింది. నలభై ఒకటో పేజీ, మోహన స్వరాలు. గుండ్రటి అక్షరాలు, పక్కన ఎర్ర సిరాతో తాళం గుర్తులు. చదువుతూ మెల్లగా పాడబోయింది. రెండు స్వరాల తర్వాత గొంతు ఆగింది. కళ్లు చదువుతున్నాయి, నోరు పలకడం లేదు. ఇంకో పేజీ తిప్పింది. అదీ రాలేదు. నాన్న పోయి పదకొండేళ్లయింది. ఇవాళే పోయినంత బాధ కలిగిందావిడకు. పుస్తకం గుండెకు హత్తుకుంది.

ప్రసూన పక్కన కూర్చుంది. "నేనే చేశానండి ఇది."

"నువ్వు వద్దంటూనే ఉన్నావు. నేను విన్నానా?" అని మంగతాయారు ముక్కు తుడుచుకుంది. "లే. పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకో. నాలుగింటికల్లా అక్కడుండాలి."

మార్కెట్ వెనక కల్యాణమంటపం నిండిపోయింది. ముందు వరసలో పాతవాళ్లు, వెనక పిల్లలు, వాళ్లమ్మలు, గోడ పక్కన నూకరాజు. పెట్టె ఇంట్లోనే ఉంది. మంగతాయారు సత్తియ్యతో ముందుగా ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఆవిడకు మాత్రం ఏం తెలుసు? మోహన పల్లవి పాడింది. తలలు ఊగాయి. ఆ స్వరాలు వస్తాయని అందరూ సర్దుకుని కూర్చున్నారు. కొందరు ముందే తాళం వెయ్యడం మొదలుపెట్టారు.

"రిరి రిప గరి..."

ముందు వరసలో ఒకాయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. సత్తియ్య వేళ్లు అలవాటు కొద్దీ నలభై ఒకటో పేజీ ముక్తాయింపు వైపు వెళ్తున్నాయి. ఆవిడ అటు వెళ్లలేదు. ఆయన కుడి చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఒక దెబ్బంతసేపు మృదంగం లేదు, ఆవిడ గొంతొక్కటే ఉంది. ముందేముందో తెలియలేదు. వెళ్లింది. ధైవతం దగ్గర దారి మూసుకుపోతే వెనక్కి తిరిగి, తొందరపడి, పల్లవిలో అర దెబ్బ ముందే పడింది.

"అయ్యో," అన్నారెవరో. హాల్లో గుసగుసలు బయలుదేరాయి. నలభై ఏళ్లలో మొదటి తప్పు. ‘మనం తప్పితే తప్పంటారు.’ అనుకోనీ, అనుకుంది మంగతాయారు. తప్పే మరి. తనదే. తన సొంత తప్పు. క్షమాపణగా ఒక్క చూపు కూడా చూడకుండా, ఊపిరి పీల్చుకుని, మళ్లీ రిషభం అందుకుంది.

ఈసారి సత్తియ్య వేళ్లు తోలు మీద ఆచితూచి నడిచాయి. చీకట్లో మెట్లు దిగేవాడిలా, ఆవిడ ఎక్కడ అడుగేస్తుందా అని చెవి ఒగ్గి, ఒక్కో దెబ్బా వేశాడు. ఆవిడ మంద్రంలోకి దిగింది, ఆయనా దిగాడు. ఆవిడ ఆగింది, ఆయనా ఆగాడు. ఎవరికీ తెలియని చోట ఇద్దరూ రెండు చుట్లు తిరిగి, చివరికి కలిసి పల్లవిలో పడ్డారు. చప్పట్లు కొద్దిగానే వచ్చాయి, ఎక్కువగా వెనక నుంచి, పిల్లల దగ్గర్నుంచి. ముందు వరసలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు.

కచేరీ అయ్యాక వేదిక వెనక గదిలో చాప మీద సత్తియ్య కూర్చుని ఉన్నాడు. మృదంగానికి ఇంకా గుడ్డ చుట్టలేదు.

"ఎలా ఉంది బాబాయ్?" అంది మంగతాయారు. జవాబు తెలిసే అడిగింది.

"బాగోలేదు. తాళం తప్పేవు. రెండో సుట్టులో ఊపిరి సాల్లేదు. ఆకర్న ఏదో గబగబా కలిపేసేవు."

"మరి ఏడుస్తున్నావేంటి?"

సత్తియ్య కండువా కొసతో మొహం తుడుచుకున్నాడు. "నలభయ్యేళ్లనించీ నీ పక్కన కూకుని మీ నాన్నకే వాయిత్తన్నానే. ఆయన పోయేక కూడా ఆయనకే వాయించేను. ఇయ్యాల నీకు వాయించేను."

మంగతాయారు పట్టుచీర నలుగుతుందని కూడా చూసుకోకుండా ఆయన ఎదురుగా చాప మీద కూర్చుని, తొడ మీద తాళం మొదలుపెట్టింది.

"ఆ రెండో చుట్టు ఇంకోసారి వెళ్లి చూద్దాం," అంది. "పట్టు బాబాయ్."